మూడు లక్షలు, పదివేల పేర్లు: నాన్‌జింగ్ నుంచి టోక్యో దాకా ఆరు రోజులు

మొదటి రోజు: షాంఘై నుంచి నాన్‌జింగ్

షాంఘైలో పొద్దున్నే రైలెక్కాను. గంటన్నరలో నాన్‌జింగ్. కిటికీ బయట కాలవలు, కూరగాయల మళ్ళు, వాటిని ఆనుకుని ముప్ఫై అంతస్తుల కొత్త మేడలు. మన కోనసీమలా ఇదీ నీటి నేల, యాంగ్‌జీ నది డెల్టా. 1937 నవంబరులో ఈ నేల మీదుగానే జపాన్ సైన్యం నడిచి వెళ్ళింది. షాంఘైలో మూడు నెలలు భీకరంగా పోరాడి గెలిచాక, వెనక నుంచి తిండి అందకపోయినా ఆగకుండా అప్పటి చైనా రాజధాని నాన్‌జింగ్ మీదికి ఉరికారు. దారిలో ఊళ్ళు దోచుకుని తిన్నారు. డిసెంబరు 13న నాన్‌జింగ్ పడిపోయింది. ఆ తర్వాత ఆరు వారాల పాటు అక్కడ సాగిన మారణకాండలో ఏం జరిగిందన్న దాని మీద రెండు దేశాలూ ఇప్పటికీ మాటామాటా అనుకుంటూనే ఉన్నాయి.

నేను విశాఖలో డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు చరిత్ర చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధం అనగానే 1939 సెప్టెంబరు, పోలండ్ అని మొదలుపెట్టేదాన్ని. చైనా వాళ్ళకి ఆ యుద్ధం 1937 జులైలోనే వచ్చిపడింది. నాన్‌జింగ్ నా నోట్సులో ఒక్క వాక్యం: మూడు లక్షల మందిని చంపారు. నేను రిటైరయ్యే ఏడాది ఒక కుర్రాడు లేచి, "మేడమ్, అదంతా అబద్ధమని నెట్‌లో చదివాను. మీ లెక్క ఎక్కడిది?" అని అడిగాడు. పుస్తకంలో ఉంది అన్నాను. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లాడికి అంత పొడి జవాబు చెప్పి పంపినందుకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మా తాతగారి తమ్ముడు అప్పన్న 1936 ప్రాంతంలో మలయా (ఇప్పటి మలేషియా) వెళ్ళాడు, బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో పనికి. ఆ రోజుల్లో మన వైపు నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. జపాన్ వాళ్ళు మలయా పట్టుకున్నాక ఆయన నుంచి ఉత్తరం ముక్క లేదు. బర్మా రైలు పనికి పట్టుకుపోయారని యుద్ధమయ్యాక తిరిగొచ్చిన ఒకాయన చెప్పాడట. పోయాడో, ఎక్కడైనా బతికి ఉన్నాడో ఎవరికీ తెలియదు. తిథి తెలియదు గనక మా ఇంట్లో ఆయనకి తద్దినం కూడా లేదు.

సాయంత్రం ఊరి పాత కోట గోడ ఎక్కి కాసేపు నడిచాను. ఝోంగ్‌హువా ద్వారం దగ్గర ఇటుకలు, వాటి మధ్య గడ్డి. ఎక్కువ సేపు ఉండలేకపోయాను, చలి.

రెండో రోజు: జియాంగ్‌దోంగ్‌మెన్

స్మారక భవనం ఉన్న చోటు పేరు జియాంగ్‌దోంగ్‌మెన్. చంపినవాళ్ళను కుప్పగా పూడ్చిన స్థలాల్లో ఇదొకటి. బయట దారి పక్కన నీళ్ళలో వరసగా విగ్రహాలు. మొదటిదే పెద్దది: ఒక తల్లి ఆకాశం వైపు మొహమెత్తి, చేతుల్లో వాలిపోయిన బిడ్డ. లోపలికి వెళ్తే గులకరాళ్ళు పరిచిన పెద్ద ఆవరణ, గోడ మీద రాతిలో చెక్కిన అంకె: 300000.

ఒక చీకటి గదిలో పైనుంచి నీటిచుక్క పడుతుంది. పడగానే గోడ మీద ఒక మొహం వెలిగి ఆరిపోతుంది. మళ్ళీ పన్నెండు సెకన్లకి ఇంకో చుక్క. ఆరు వారాలను సెకన్లలోకి మార్చి మూడు లక్షలతో భాగిస్తే పన్నెండు వస్తుంది. నేను అక్కడే నిలబడి మనసులో లెక్క వేశాను. సరిపోయింది. పది చుక్కలు లెక్కపెట్టాక బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఎముకలు. నేల తవ్వి, పొరలు పొరలుగా ఎలా ఉన్నవి అలాగే ఉంచారు. చిన్నపిల్లల ఎముకలకి పక్కన చిన్న పలకలు పెట్టారు. దీని గురించి ఇంతకన్నా రాయను.

నేను ఎక్కువసేపు ఉన్నది పేర్ల గోడ దగ్గర. ఇప్పటిదాకా దొరికిన పేర్లు పదివేలకు పైగా. కొత్తవి దొరికినప్పుడల్లా చెక్కుతున్నారు. కొన్నిచోట్ల పూర్తి పేరు లేదు, ఫలానా ఇంటిపేరు గల ఆవిడ అని మాత్రమే ఉంది. ఒక గోడ మీద మూడు లక్షలు, ఇంకో గోడ మీద పదివేలు. ఈ రెంటి మధ్య దూరంలోనే చరిత్రకారుల పనంతా ఉందని నాకు అక్కడ నిలబడ్డప్పుడు అర్థమైంది.

నాతో వచ్చిన అమ్మాయి ఇక్కడి యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే చదువుతోంది. టీ తాగుతూ లెక్కల సంగతి అడిగాను. కాగితం తీసి గీసి మరీ చెప్పింది. చంపుతున్నప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు. 1945 ఆగస్టులో ఓడిపోతున్నామని తెలియగానే జపాన్ సైన్యం తన కాగితాలు తగలబెట్టమని ఆదేశాలిచ్చింది. మిగిలింది శవాలు పూడ్చిన సంఘాల పద్దులు. ఎర్ర స్వస్తిక సంఘం అనే ధార్మిక సంస్థ (మన గడపల మీద వేసే స్వస్తికమే, బౌద్ధుల నుంచి వెళ్ళింది) 43,071 శవాలు పూడ్చినట్టు రాసుకుంది. చోంగ్‌షాన్‌తాంగ్ అనే ఇంకో సంఘం పద్దులో 1,12,266. మొదటి పద్దును దాదాపు అందరూ నమ్ముతారు. రెండోదాని మీదే గొడవ: అంత చిన్న సంఘానికి అన్ని శవాలు మోసే మనుషులూ బండ్లూ ఉన్నాయా అని. యుద్ధం అయ్యాక జపాన్ నాయకులను విచారించిన అంతర్జాతీయ కోర్టు, టోక్యో ట్రైబ్యునల్, రెండు లక్షలకు పైగా అంది, నాన్‌జింగ్‌లో జరిగిన విచారణ మూడు లక్షలకు పైగా అంది.

ఇవి కాక ఇంకో మూడు ప్రశ్నలున్నాయి. నాన్‌జింగ్ అంటే కోట లోపలి ఊరేనా, చుట్టూ ఉన్న జిల్లాలు కూడానా? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? లొంగిపోయాక నది ఒడ్డున కాల్చేసిన సైనికులను లెక్కలోకి తీసుకోవాలా, వద్దా? ఈ మూడో ప్రశ్న వినగానే నాకు కోపం వచ్చింది. చేతులు కట్టేసిన మనిషి సైనికుడైతేనేం, రైతైతేనేం? ఆ అమ్మాయి మాత్రం కోప్పడలేదు. "ముందు ఎవరు దేన్ని లెక్కపెడుతున్నారో చూడాలి. కోపం ఆ తర్వాత" అంది. నేను ముప్ఫై ఏళ్ళు క్లాసులో చెప్పాల్సిన మాట అది.

ఈ భవనం తెరిచింది 1985 ఆగస్టు 15న. అంతకు మూడేళ్ళ ముందు, 1982లో, జపాన్ విద్యాశాఖ పాఠ్యపుస్తకాల్లో చైనా మీద 'దురాక్రమణ' అన్న మాటను మెత్తబరచమంటోందని పెద్ద గొడవ లేచింది. ఆ తర్వాతే నాన్‌జింగ్ పరిశోధకులు వీధివీధి తిరిగి, బతికి బయటపడ్డవాళ్ళను వెతికి వాళ్ళ మాటలు రాసుకున్నారు. అప్పటికే నలభై ఏళ్ళు దాటిపోయాయి. ఇంకా ముందే ఎందుకు రాసుకోలేదన్న ప్రశ్న చైనా తనను తాను వేసుకోవాలని నా అభిప్రాయం. గోడ మీద చెక్కిన అంకెను ఇక్కడ ప్రశ్నించడం తేలిక కాదన్నది కూడా నిజమే.

మూడో రోజు: రాబె ఇల్లు, జిన్‌లింగ్

యూనివర్సిటీ పక్క సందులో బూడిదరంగు ఇటుక ఇల్లు, చిన్న తోట. జాన్ రాబె ఉన్న ఇల్లు ఇది. జర్మన్, సీమెన్స్ కంపెనీ మనిషి, నాజీ పార్టీ సభ్యుడు. ఊళ్ళో మిగిలిన కొద్దిమంది విదేశీయులు కలిసి దాదాపు నాలుగు చదరపు కిలోమీటర్ల మేర రక్షణ ప్రాంతం ఏర్పాటు చేస్తే, దానికి ఆయన అధ్యక్షుడు. ఈ తోటలో ఆరొందల మందికి పైగా తలదాచుకున్నారు. జపాన్ విమానాలు బాంబులు వేయకుండా పెద్ద నాజీ జెండా గుడ్డను తోటలో పరిపించాడు. జనం దాని కింద దాక్కునేవారు. ఐరోపాలో లక్షల మందిని చావుకి తోలిన గుర్తు ఇక్కడ కొందరి ప్రాణాలు కాపాడింది. చరిత్ర చెప్పేవాళ్ళు ఈ రెండూ చెప్పాలి. ఆయన దినచర్య పుస్తకాలు 1996లో గానీ బయటికి రాలేదు.

మధ్యాహ్నం జిన్‌లింగ్ మహిళా కళాశాల. పసుపు రంగు గింకో ఆకులు నేలంతా రాలి ఉన్నాయి. అమెరికన్ టీచరు మినీ వాట్రిన్ ఈ గేటు దగ్గర నిలబడి సైనికులను అడ్డుకునేది. పదివేల మంది ఆడవాళ్ళు, పిల్లలు ఈ గదుల్లో, వరండాల్లో ఉన్నారు. అయినా కొందరిని లాక్కుపోయారు. వాళ్ళను కాపాడలేకపోయానన్న బాధ ఆమెను వదల్లేదు. 1940లో అమెరికా తిరిగి వెళ్ళి, 1941 మేలో తన ప్రాణం తీసుకుంది. ఆమె విగ్రహం దగ్గర ఎవరో తాజా పూలు పెట్టారు. నేనూ ఒక టీచర్ని. అక్కడ కూర్చుని ఏడ్చాను.

నాన్‌జింగ్ యూనివర్సిటీ ఆచార్యుడు ఝాంగ్ షియన్‌వెన్ నాయకత్వంలో ఈ మారణకాండ గురించిన మూలపత్రాలు 72 సంపుటాలుగా వచ్చాయి. చైనా కాగితాలే కాదు, అమెరికన్ మిషనరీల ఉత్తరాలు, జర్మన్ ఎంబసీ రిపోర్టులు, జపాన్ సైనికుల డైరీలు కూడా వెతికి తెచ్చి అనువదించారు. శత్రువు చేతి రాతను తెచ్చి మన భాషలో అచ్చు వేయడానికి ఓపిక కన్నా ఎక్కువే కావాలి.

నాలుగో రోజు

రోజంతా ప్రయాణమే. టోక్యోలో అబ్బాయి నిషికసాయ్‌లో ఉంటాడు, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కువగా ఉండే పేట. కోడలు పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి పెట్టింది. తిని పడుకున్నాను.

అయిదో రోజు: యాసుకుని

"అమ్మా, అక్కడికి ఎందుకు? నీకు బాధనిపిస్తుంది" అన్నాడు అబ్బాయి. "ఒకవైపు చూసి వచ్చేస్తే ఎలారా" అన్నాను. ఆఫీసుకి సెలవు కాబట్టి తనూ వచ్చాడు.

యాసుకుని గుడి 1869లో కట్టారు. యుద్ధాల్లో జపాన్ తరఫున చనిపోయిన దాదాపు 25 లక్షల మందిని అక్కడ దేవతలుగా కొలుస్తారు. వాళ్ళందరి పేర్లూ రాసి ఉన్నాయి. టోక్యో ట్రైబ్యునల్ మొదటి తరగతి యుద్ధ నేరస్థులుగా నిలబెట్టిన 14 మంది పేర్లు కూడా 1978లో అందులో చేర్చారు. నాన్‌జింగ్ మీదికి వెళ్ళిన సైన్యానికి సేనాధిపతి మత్సుయ్ ఇవానే వాళ్ళలో ఒకడు. ఆయన్ని 1948 డిసెంబరులో ఉరి తీశారు.

ఒక ముసలావిడ వంగి రెండుసార్లు చప్పట్లు కొట్టి దండం పెట్టుకుంటోంది. ఆవిడ అన్నో, తండ్రో అయి ఉంటాడు. ఆవిడ మీద నాకు ఏ కోపమూ రాలేదు. చనిపోయినవాడికి దండం పెట్టుకునే చోటు ఆవిడకుంది, మా ఇంట్లో వాళ్ళకి లేదు.

గుడి పక్కన యూషూకాన్ మ్యూజియం. హాల్లోకి అడుగు పెట్టగానే నల్లటి ఆవిరి ఇంజను, సీ 56 తరగతి, 31వ నంబరు. పక్కన పలక చదివి అబ్బాయి గొంతు తగ్గించి, "అమ్మా, ఇది బర్మా సయాం రైలుదే" అన్నాడు.

నాకు కాళ్ళు ఆడలేదు. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల ఆ లైనును జపాన్ సైన్యం 1942, 43ల్లో వేయించింది. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ యుద్ధఖైదీలు అరవై వేల మందికి పైగా పని చేస్తే, పన్నెండు వేల మందికి పైగా పోయారు. వాళ్ళకి థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో సమాధులున్నాయి, రాళ్ళ మీద పేర్లున్నాయి, వయసులున్నాయి. మలయా తోటల నుంచి, బర్మా ఊళ్ళ నుంచి తీసుకుపోయిన ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు, వాళ్ళలో చనిపోయినవాళ్ళు దాదాపు తొంభై వేలని అంచనా. అంచనా మాత్రమే. తమిళులు, తెలుగువాళ్ళు, మలయ్‌లు, బర్మా వాళ్ళు, జావా వాళ్ళు. కలరాతో పోయినవాళ్ళను కాల్చేసి ముందుకి నడిచారు. ఇంజను మాత్రం తుడిచి, రంగు వేసి, హాలు మధ్య పెట్టారు.

పై అంతస్తులో నాన్‌జింగ్ గురించి చిన్న రాత. మత్సుయ్ సైనికులను క్రమశిక్షణతో ఉండమన్నాడని, మామూలు బట్టలు వేసుకున్న చైనా సైనికులను మాత్రం కఠినంగా ఏరివేశారని దాని సారాంశం. జిన్‌లింగ్ గేటు లేదు, నది ఒడ్డు లేదు. మూడు రోజుల క్రితం ఆ ఎముకల దగ్గర నిలబడి వచ్చినదాన్ని. ఆ రాత తప్పు. తప్పని చెప్పడానికి మూడు లక్షల లెక్క తేలేదాకా ఆగక్కర్లేదు.

బయట రాతి స్తంభం మీద మన బెంగాలీ న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ ఫోటో. 2005లో పెట్టారు. టోక్యో ట్రైబ్యునల్‌లో నిందితులందరూ నిర్దోషులని వేరుగా తీర్పు రాసిన ఒకే ఒక్క జడ్జి. భారతీయులు ఇక్కడ గర్వంగా ఫోటోలు దిగుతారు. నేనూ ఒకప్పుడు క్లాసులో గర్వంగానే చెప్పాను. ఆయన తీర్పును పూర్తిగా చదవాలి. గెలిచినవాళ్ళు యుద్ధం అయ్యాక కొత్తగా చట్టం తెచ్చి ఓడినవాళ్ళను శిక్షించడం న్యాయం కాదన్నది ఆయన వాదన. నాన్‌జింగ్‌లో ఘోరాలు జరగలేదని ఆయన ఎక్కడా అనలేదు. జరిగాయనడానికి సాక్ష్యం బలంగా ఉందనే రాశాడు. వాటికి ఈ నిందితులే బాధ్యులని రుజువు కాలేదన్నాడు. ఆయన మాటల్లో సగం తీసుకుని గుడి ఆవరణలో నిలబెట్టారు. మనం కూడా ఆ సగాన్నే మోస్తున్నాం.

అక్కణ్ణించి జింబోచో పాత పుస్తకాల వీధికి నడిచాం, దగ్గరే. ఒక షాపులో యుద్ధ చరిత్ర అర నిండా నాన్‌జింగే. కసహారా తొకుషి లక్ష నుంచి రెండు లక్షల దాకా అంటాడు. హాతా ఇకుహికో నలభై వేలంటాడు. ఆయన కూడా మారణకాండ జరిగిందనే అంటాడు, జపాన్ వాడిగా చైనా వాళ్ళకి క్షమాపణ చెప్తాడు. అసలేమీ జరగలేదనే పుస్తకాలూ ఆ అరలోనే, ఎర్ర అక్షరాల అట్టలతో. అబ్బాయి పేర్లు చదివి వినిపిస్తుంటే, జపాన్ అంటే ఒకే గొంతు అనుకోవడం ఎంత తప్పో తెలిసింది.

ఇయెనాగా సబురో అనే చరిత్ర ఆచార్యుడు తన పాఠ్యపుస్తకాన్ని ప్రభుత్వం కత్తిరించిందని 1965లో కోర్టుకెళ్ళాడు. మొత్తం మూడు దావాలు. ముగిసింది 1997లో. ముప్ఫై రెండేళ్ళు. చాలా అంశాల్లో ఓడిపోయాడు. మంచూరియాలో బతికున్న మనుషుల మీద ప్రయోగాలు చేసిన 731 దళం గురించి రాసింది తీసేయమనడం మాత్రం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక పేరా కోసం ఒక జీవితం.

నా మనసుకి అంతకన్నా దగ్గరగా వచ్చింది 1984 నాటి సంగతి. కైకోషా అనే మాజీ సైనికాధికారుల సంఘం, మారణకాండ కట్టుకథ అని నిరూపించడానికి, నాన్‌జింగ్‌లో ఉన్న సైనికులందరినీ తమకి తెలిసింది రాసి పంపమని తమ పత్రికలో అడిగింది. ఉత్తరాలు వచ్చాయి. చంపామని రాశారు. సంపాదకుడు కాతోగావా కోతారో వాటిని దాచలేదు. అచ్చు వేసి, 1985లో చైనా ప్రజలకు క్షమాపణ చెప్పాడు. వాళ్ళు వేసిన లెక్క చిన్నదే, కొన్ని వేలు. తనకి ఇష్టంలేని జవాబు వచ్చినా మార్చకుండా అచ్చు వేశాడు చూడండి, అందుకు నేను ఆయన పేరు ఇక్కడ రాస్తున్నాను.

ఆరో రోజు: కవాగోయె

ఆదివారం. రైల్లో గంట పైగా. పొలాల పక్కన చిన్న కట్టడం, చూడటానికి గోదాములా ఉంది. చూకిరెన్ శాంతి మ్యూజియం. అంటే చైనా నుంచి తిరిగొచ్చినవాళ్ళ సంఘం.

1950లో సోవియట్ యూనియన్ 969 మంది జపాన్ ఖైదీలను చైనాకి అప్పగించింది. వాళ్ళను ఫూషున్ జైల్లో పెట్టారు. కొట్టలేదు, కడుపునిండా తిండి పెట్టారు, చేసింది గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. 1956లో మరో చోట ఉన్నవాళ్ళతో కలిపి 45 మంది మీదే కేసు నడిపారు. ఒక్కరికీ ఉరి వేయలేదు. మిగిలినవాళ్ళను ఇంటికి పంపేశారు. తిరిగొచ్చి 1957లో సంఘం పెట్టుకుని, "నేను ఫలానా ఊళ్ళో ఫలానా పని చేశాను" అని బడుల్లో, సభల్లో నిలబడి చెప్పారు. చైనా వాళ్ళు మీ బుర్రలు కడిగేశారని సొంత ఊరివాళ్ళే అన్నారు. ఆ రాతలు జైల్లో రాయించినవి కాబట్టి జాగ్రత్తగా చదవాలన్న మాట న్యాయమైనదే. ఇంటికొచ్చాక నలభై అయిదేళ్ళు ఎవరి బలవంతమూ లేకుండా అవే మాటలు చెప్పడాన్ని కూడా అంతే జాగ్రత్తగా చదవాలి. వయసు మీద పడి 2002లో సంఘం ముగించారు. కాగితాలు, టేపులు, పుస్తకాలు ఇక్కడికి చేరాయి.

అక్కడి వాలంటీరు ఒక పెద్దాయన టీ ఇచ్చాడు. అబ్బాయి తర్జుమా చేస్తుంటే, రెండు ప్రభుత్వాలు కలిసి చేయించిన పరిశోధన గురించి అడిగాను. 2006 అక్టోబరులో అప్పటి జపాన్ ప్రధాని షింజో అబె, చైనా అధ్యక్షుడు హు జింటావ్ ఒప్పుకున్నారు. అటు పదిమంది, ఇటు పదిమంది పండితులు. చైనా వైపు బు పింగ్, జపాన్ వైపు కితఓకా షినిచి. 2010 జనవరి 31న రిపోర్టు వచ్చింది. ఒకే పుస్తకం రాయలేకపోయారు. ఒక్కో అంశం మీద ఒక జపాన్ వ్యాసం, ఒక చైనా వ్యాసం, పక్కపక్కన. జపాన్ చేసింది దురాక్రమణ యుద్ధమేనని రెండు వైపులా రాశారు. నాన్‌జింగ్ దగ్గర చైనా వ్యాసం ట్రైబ్యునళ్ళ లెక్కలు ఇచ్చింది. జపాన్ వ్యాసం ఆ లెక్కలతో పాటు తమ పరిశోధకులవి, రెండు లక్షలు గరిష్ఠంగా, నలభై వేలు, ఇరవై వేలు అని ఇచ్చి, తేడా ఎందుకొస్తోందో రాసింది: ఏ ప్రాంతం, ఏ కాలం, ఏ పద్దు, ఎవరిని చంపడం చట్టవిరుద్ధం. నాన్‌జింగ్‌లో ఆ అమ్మాయి కాగితం మీద గీసినవే ఇవి! 1945 తర్వాతి భాగాన్ని చైనా కోరిక మీద బయటపెట్టలేదు.

అది విఫలమైందని చాలామంది అన్నారు. నేను అలా అనుకోను. ఒకరి వ్యాసాన్ని ఇంకొకరు అట్టల మధ్య నుంచి చింపెయ్యలేదు. ఆ కుర్రాడు మళ్ళీ అడిగితే ఈ రెండు వ్యాసాలూ చేతికిచ్చి, ఎక్కడ ఒప్పుకున్నారో ముందు చదువు, ఆ తర్వాత తేడాలు చదువు అంటాను.

రాత్రి ఇంటికొచ్చాక అనకాపల్లిలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాను. ఆవిడకి తొంభై దాటాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు బండి కట్టుకుని ఊరొదిలిన సంగతి ఇప్పటికీ నిన్నటిలా చెప్తుంది.

"అత్తా, మలయా వెళ్ళిన చిన్నతాత అసలు పేరేంటి?"

"సింహాద్రప్పన్న. అందరూ అప్పన్నే అనేవోరు. ఎందుకే ఇప్పుడు?"

"వెళ్ళేటప్పటికి వయసెంత?"

"పాతికుంటాయేమో. పెళ్ళి కాలేదు. నన్ను భుజాలెక్కించుకుని శారదా నదికి తీసుకెళ్ళేవోడు."

చివరి ఉత్తరం ఎప్పుడొచ్చిందని అడిగాను. 1941 దీపావళికి, పది రూపాయల మనియార్డరుతో పాటు వచ్చిందట. నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసి పేరు, తండ్రి పేరు, ఊరు, వెళ్ళిన ఏడు, చివరి ఉత్తరం వచ్చిన నెల వరసగా రాశాను. ఆ ఉత్తరం ఇంకా ఉందా అని అడిగితే, అటక మీద ట్రంకు పెట్టె ఉంది, మనవడి చేత దింపించి చూస్తానంది.